మింగాలంటే భయం

ఆపరేషనైన మరునాడు పొద్దున నర్సు మందు సీసా మూతంత ప్లాస్టిక్ కప్పులో నీళ్లు పోసి నా చేతికిచ్చింది. ఒక్కసారే తాగేయొద్దనీ, పెదవులు తడుపుకుంటున్నట్టు కొంచెం కొంచెంగా తాగమనీ కన్నడంలో చెప్పి పక్క మంచం దగ్గరికి పోయింది. ఆ కప్పు పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. నాలుక ఎండి అంగిలికి అతుక్కుపోయి ఉంది. తెల్లవార్లూ నీళ్ల కోసమే తపించినదాన్ని, తీరా నీళ్లు చేతికొచ్చాక తాగడానికి ధైర్యం చాల్లేదు. నా కడుపులో చాలా భాగం కోసి తీసేశారు. మిగిలిన సన్నటి గొట్టాన్ని పొడుగునా చిన్న చిన్న పిన్నులు కొట్టి మూశారు. ముందురోజే డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఇప్పుడు నేను మింగే నీళ్లు ఆ పిన్నుల పక్కనుంచే పోవాలి. అందులో ఒక్కటి ఊడినా నీళ్లు ఎక్కడికి పోతాయో నాకు అర్థం కాలేదు. డాక్టరును అడగడానికి నోరు రాలేదు.

మంచం పక్కన స్టూలు మీద మా అమ్మ కూర్చుని ఉంది. ఆమె కూడా ఆ కప్పుకేసే చూస్తోంది.

మొదటి గుక్క గొంతు దిగింది. రొమ్ము ఎముక కింద ఎక్కడో చల్లగా ఒక చుక్క ఆగి, దారి వెతుక్కున్నట్టు అనిపించింది. ఊపిరి బిగబట్టాను. ఏమీ కాలేదు. పోయిందా అని అమ్మ కళ్లతోనే అడిగింది. పోయిందన్నట్టు తల ఊపాను. మంచం కడ్డీని పట్టుకున్న ఆమె చెయ్యి అప్పుడు గాని వదులు కాలేదు.

ఈ పని ఎందుకు చేయించుకున్నానో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి. మేం ఇద్దరమే ఆడపిల్లలం. మా పుట్టిల్లు సిరుగుప్ప తాలూకాలో దేశనూరు. అక్కను తారానగర్‌లో ఇచ్చారు. బావకు మైన్స్ లారీలుండేవి. నన్ను కంప్లిలో ఇచ్చారు. మా ఆయనకు ఏటి పక్కన వరి పొలం, ఒక కోత మిషను ఉన్నాయి. నేను ఇంటి ముందరి గదిలో చీరల అంగడి పెట్టుకున్నాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది.

అక్కా నేనూ చిన్నప్పటి నుంచీ ఒళ్లున్నవాళ్లమే. పిల్లలు పుట్టాక ఇంకా పెరిగాం. ఇద్దరిదీ ఒకటే కొలత. దర్జీకి ఒక ఆది జాకెట్టు ఇస్తే ఇద్దరికీ కుట్టేవాడు. పండక్కి ఆమె వస్తే నా బీరువా తీసి నచ్చింది వేసుకునేది, నేను పోతే ఆమెవి వేసుకునేదాన్ని. లావు గురించి మేమే ఎగతాళి చేసుకునేవాళ్లం గనుక ఇంకొకరికి ఆ అవకాశం ఇచ్చేవాళ్లం కాదు. నలభై దాటాక అక్కకు షుగరు వచ్చింది, బీపీ వచ్చింది, మోకాళ్లు పట్టేశాయి. ఒకరోజు మధ్యాహ్నం తిని చెయ్యి కడుక్కోవడానికి లేచిన మనిషి మేడ మీది వంటింటి గుమ్మంలోనే గుండె ఆగి కూలిపోయింది.

నేను తారానగర్ చేరేసరికి ఆమెను ఇంకా కిందికి దింపలేదు. మెట్లు ఇరుకు. లారీల దగ్గర పనిచేసే మగవాళ్లు వచ్చి దుప్పటి నాలుగు కొసలూ పట్టుకున్నారు. "నిదానప్పా, మలుపుకాడ నిదానం" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. బీరువా దింపేటప్పుడు చెప్పుకునే మాటలవి. మధ్యలో ఒకాయన గోడకు ఆనుకుని రొప్పుతూ, రోంత ఆగుదామన్నాడు. ఆగారు. మా అక్క ఆ మెట్ల మలుపులో, దుప్పట్లో, వాళ్లు ఊపిరి తీసుకునేదాకా ఆగి ఉంది. వాళ్లను అనడానికేమీ లేదు, ఎంతో మర్యాదగానే దింపారు. నేను కింద నిలబడి పైకి చూస్తూ ఏడవడం కూడా మర్చిపోయాను. మా ఇంట్లో నా పడకగది మేడ మీదే ఉంది. నన్ను ఎట్లా దింపుతారు అనే ఒక్క ఆలోచన నా తలలో తిరుగుతోంది.

ఆ ఆలోచన నన్ను మళ్లీ వదల్లేదు. పడకను కింది గదిలోకి మార్చాను. అన్నం మానేసి చూశాను, నడిచి చూశాను, ఆకుల రసాలు తాగి చూశాను. బరువు తగ్గినంత తగ్గి మళ్లీ వచ్చేది. చివరికి బెంగళూరులో కడుపు చిన్నది చేసే ఆపరేషన్ ఉందని తెలిసి మా ఆయనను అడిగాను. ఆయన చాలా రోజులు ఆ మాట దాటేశాడు. తర్వాత ఒకరోజు, నీకు అంత భయంగా ఉంటే చేయించుకుందాం పద అన్నాడు. ఒప్పుకోనిది అమ్మ ఒక్కతే. ఆమె పెద్దగా అరవలేదు, అన్నం మానలేదు. బియ్యం చెరుగుతూ చెరుగుతూ చాట పక్కన పెట్టి అంది:

"పెద్దదాన్ని తింటాంటే పోగొట్టుకుంటి. నిన్ను తినకుండా పోగొట్టుకోవాల్నా?"

అయినా ఆపరేషన్‌కు పోయేటప్పుడు అందరికన్నా ముందు కారెక్కి కూర్చున్నది ఆమే.

కంప్లికి తిరిగొచ్చాక మొదటి రోజులు నీళ్లతోనే గడిచాయి. అమ్మ పప్పు ఉడికించి, పైన తేరిన కట్టును పల్చటి గుడ్డలో వడకట్టేది. మజ్జిగను కూడా వడకట్టేది. మజ్జిగలో ఏముంటుందమ్మా వడకట్టడానికి అంటే, ఏమో, ఏమన్నా ఉంటే అనేది. ఆ కట్టును నేను చిన్నపిల్లల చెంచాతో తాగేదాన్ని. చిత్రమేమంటే నాకు ఆకలి లేదు. ఆకలి పుట్టించే భాగం కూడా కోసిన ముక్కతోనే పోయిందనీ, కొన్నాళ్లు అట్లాగే ఉంటుందనీ ఆస్పత్రిలో తిండి గురించి చెప్పే అమ్మాయి ముందే చెప్పింది. పుట్టిన దగ్గర్నుంచీ నాతో ఉన్నది ఒక్కరోజులో లేకుండా పోయింది. ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను, ఆ గంట మోగితే తాగాలి. గంట మోగినప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని.

మా వైపు ఎవరు ఎదురైనా మొదట అడిగేది "ఊట ఆయ్తా" అనే. భోజనమైందా అని. తెలుగువాళ్లయినా కన్నడంవాళ్లయినా అదే మాట. అంగడికి వచ్చేవాళ్లు, పాలాయన, వీధిలో పోయేవాళ్లు అందరూ అడుగుతారు. అది పలకరింపే గాని ఎవరూ జవాబు కోసం ఆగరు. నాకు మాత్రం ఆ మాట వినగానే ఒళ్లు బిగుసుకుపోయేది. పావుగ్లాసు పప్పుకట్టు తాగినదానికి భోజనం అయినట్టో కానట్టో నాకే తెలియదు. ఆయ్తు, అయింది అని తల వంచుకుని చీరలు మడతపెట్టేదాన్ని. పిత్తాశయంలో రాళ్లు తీయించుకున్నానని అందరికీ చెప్పాం. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందని అంటారని నా భయం.

మెత్తటి తిండి మొదలుపెట్టొచ్చని చెప్పాక అమ్మ ముఖం కొంచెం విప్పారింది. పెసరపప్పుతో గంజిలాంటి అన్నం, తర్వాత ఉడికించి మెదిపిన గుడ్డు, ఆ తర్వాత పాలలో నానబెట్టిన జొన్నరొట్టె. ఒకరోజు ఆ రొట్టె తింటుండగా అంగడిలో ఎవరో పిలిచారు. వస్తున్నానని చెప్పడానికి నోట్లో ఉన్నది గబుక్కున మింగాను. అది దిగలేదు.

ఎట్లా చెప్పాలో తెలియదు. ఛాతీ మధ్యలో ఎవరో పిడికిలి పెట్టి లోపలి నుంచి నొక్కుతున్నట్టుంది. ఊపిరి ఆడుతోంది, కానీ ఆడుతోందన్న నమ్మకం లేదు. నోరంతా జిగట ఉమ్మి ఊరింది. మింగుదామంటే కింద దారి మూసుకుని ఉంది. అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి నీళ్లిచ్చింది. అలవాటుకొద్దీ తాగాను, నీళ్లు కూడా పైనే నిలబడ్డాయి. అప్పుడు నిజంగా చచ్చిపోతాననుకున్నాను. పెరట్లో కొళాయి దగ్గర గోడ పట్టుకుని వంగి నిలబడ్డాను. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది గాని రుద్దడానికి భయపడింది. చాలాసేపటికి అదంతా నురగతో కలిసి బయటికి వచ్చేసింది. గోరంత రొట్టెముక్క. దాన్ని చూసి నమ్మలేకపోయాను.

ఆ రోజు నుంచి ఒంటరిగా తినడం మానేశాను. అమ్మ ఎదురుగా కూర్చోవాలి, పెరటి తలుపు తెరిచి ఉండాలి, అప్పుడే చెంచా పట్టుకునేదాన్ని. నోట్లో పెట్టుకున్నది నీళ్లయ్యేదాకా నమిలేదాన్ని. నమిలాక కూడా మింగడానికి జంకి, నోట్లోనే దాచుకుని అమ్మను చూసేదాన్ని. తెలియకుండానే ఆమె దవడ కూడా నాతోపాటే ఆడేది. నేను మింగితే ఆమె గొంతు కదిలేది. నేను తిన్నాక తింటానని కూర్చుని, నేను తినే తీరు చూశాక ఆమెకు ముద్ద దిగేది కాదు. ఆపరేషన్ ఒక్కరికే అయింది గాని ఇంట్లో ఇద్దరం చిక్కిపోతున్నామని మా ఆయన అన్నాడు.

బరువు మాత్రం నిజంగానే తగ్గుతోంది. మోకాళ్లు తేలికయ్యాయి. హొసపేట బస్సులో నా పక్కన ఇంకో మనిషి కూర్చుంటే ఇద్దరికీ చోటు సరిపోయింది. అది నాకు జీవితంలో మొదటిసారి. ఆ రోజంతా ఎవరికో చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవాల్సిన మనిషి అక్క. ఇంటికొచ్చి బీరువా తీసి, ఆమె మిగిల్చిపోయిన జాకెట్టు ఒకటి వేసుకుని చూశాను. భుజాల మీంచి జారిపోయింది. ఎప్పటికీ ఒకటే అనుకున్న కొలత. దాన్ని విప్పి మడతపెట్టి లోపల పెట్టేశాను. దువ్వెన నిండా జుట్టు రాలడం మొదలైంది కూడా అప్పుడే. నెలలు గడిచేకొద్దీ అద్దంలో మెడ ఎముకలు తేలాయి, చెంపలు పీక్కుపోయాయి. అంగడికి వచ్చే ఒకామె నేను లోపలికి పోయినప్పుడు అమ్మను పక్కకు పిలిచి క్యాన్సరా అని అడిగిందట. అమ్మ ఆ మాట నాతో చెప్పలేదు, మా ఆయనతో చెప్పి ఏడ్చింది.

అట్లాంటి రోజుల్లోనే దేశనూరులో మా మామ కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. అమ్మకు తోడబుట్టినవాడు, పోకుండా ఉండలేం. హాలునిండా బంధువులు. నేను పంక్తిలో కూర్చోకుండా అటూ ఇటూ తిరుగుతూ తప్పించుకుంటున్నాను. మా అత్త, అంటే ఆ మామ భార్య, ఎంతో ప్రేమ గల మనిషి. నన్ను చూసి ఎంత చిక్కిపోతివే అని కళ్లనీళ్లు పెట్టుకుని, మా వైపు ఓళిగ అనే బొబ్బట్టును నెయ్యి కారుతుండగా మడిచి తన చేత్తోనే నా నోట్లో పెట్టింది. ఉమ్మేయడం ఎట్లా? మెల్లగా నమిలి మింగాను. అది అడ్డం పడలేదు. తియ్యగా, సులువుగా దిగిపోయింది. ఆ తీపికి నాకే ఆశ పుట్టి చేతిలో మిగిలిన ముక్క కూడా తిన్నాను.

కాసేపటికి గుండె దడదడలాడటం మొదలైంది. చెమటలు కారుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, హాలంతా నా చుట్టూ మెల్లగా ఒరుగుతోంది. కడుపులో మెలిపెట్టింది. అత్తా వాళ్లు నన్ను పక్క గదిలో బియ్యం మూటల నడుమ చాప మీద పడుకోబెట్టారు. అక్కలాగే గుండె ఆగిపోతోందనే అనుకున్నాను. పడుకుని కప్పు కేసి చూస్తూ, కనీసం ఇక్కడ మెట్లు లేవు అనుకోవడం గుర్తుంది. ఎవరో దిష్టి తగిలిందన్నారు. ఎవరో నీరసమనీ, చక్కెర నీళ్లు ఇవ్వమనీ అన్నారు. అత్త గ్లాసుతో వంగేసరికి అమ్మ ఆ గ్లాసు పట్టుకుని ఆపింది.

"పెట్టొద్దు వొదినా. దాని కడుపు కోసి చిన్నది చేసినారు. తీపి పడదు. ఇంగ ఏమీ పెట్టొద్దు దానికి."

గదిలో ఉన్నవాళ్లూ, గుమ్మం బయట ఉన్నవాళ్లూ నాకేసి తిరిగారు. ఇన్ని నెలలు దాచింది ఒక్క మాటతో అందరికీ తెలిసిపోయింది. దడ కొంతసేపటికి దానంతటదే తగ్గింది. తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగితే అట్లా అవుతుందని ఆస్పత్రిలో చెప్పే ఉన్నారు, ఆ క్షణంలో ఏదీ గుర్తు రాలేదు. లేచి కూర్చున్నాక అత్త నా తల నిమిరి, చెప్పింటే పెట్టకపోదును కదమ్మా అంది. నా చీరల అంగడిలో మాటలు పుడతాయని భయపడ్డాను. ఒకరిద్దరు నవ్వి ఉంటారు. కానీ తర్వాతి వారం ముగ్గురు ఆడవాళ్లు, చీరలు చూసే నెపంతో వచ్చి, గొంతు తగ్గించి ఎంత నొప్పి ఉంటుందని అడిగిపోయారు.

దేశనూరు నుంచి వచ్చాక వాంతులు ఎక్కువయ్యాయి. మొదట ఏ ముక్కో అడ్డుపడినప్పుడు మాత్రమే అయ్యేవి. తర్వాత గంజి కూడా నిలవలేదు. రోజూ వేసుకోవాల్సిన విటమిన్ మాత్ర వేసుకున్న కాసేపటికే బయటికొచ్చేది, దాన్ని పక్కన పెట్టేశాను. తొందరగా తింటే వాంతులవుతాయని ఆస్పత్రిలో చెప్పారు గనుక నేను తొందరగా తింటున్నాననుకున్నాను. ఇంకా మెల్లగా తిన్నాను, ఇంకా తక్కువ తిన్నాను. ఫోన్ చేస్తే మళ్లీ కోస్తారేమోనని భయం. ఇంకొక భయం కూడా ఉంది. బరువు బాగా పడిపోతోంది, చూసినవాళ్లు ఎంత సన్నబడ్డావని మెచ్చుకుంటున్నారు. వాంతులు ఆగితే అది కూడా ఆగిపోతుందేమోనని లోపల ఏదో అనేది. అమ్మకు వినపడకుండా కొళాయి తిప్పి వాంతి చేసుకునేదాన్ని.

ఒక సాయంత్రం జాకెట్టు లైనింగు గుడ్డలు తెచ్చుకోవడానికి బస్టాండు దగ్గరి అంగడికి పోయాను. తిరిగి నడుస్తుంటే దూది మీద నడుస్తున్నట్టుంది. కొన్ని రోజులుగా అట్లాగే ఉంది, నీరసమనుకున్నాను. ఒకచోట తూలి కరెంటు స్తంభం పట్టుకున్నాను. ఇంటి ముందుకు వచ్చేసరికి అమ్మ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తి నన్ను చూసి, నా కాళ్లను చూసి లేచి నిలబడింది.

"పాపా, ఇంగో చెప్పు యాడ?"

కిందికి చూశాను. ఎడమ కాలికి చెప్పు ఉంది. కుడి కాలికి లేదు. అది ఎక్కడ జారిపోయిందో నాకు తెలియదు. పాదమంతా బురద, బొటనవేలి పక్కన చీరుకుపోయి రక్తం కారుతోంది. వీధి పొడుగునా గులకరాళ్ల మీద, బురదలో ఒట్టి కాలితో నడిచి వచ్చాను. నాకేమీ తెలియలేదు. ఆ కాలు నాది కాదన్నట్టు చూస్తూ నిలబడ్డాను.

అమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టి, పాదాలు ఒళ్లో పెట్టుకుని తన కొంగుతో తుడిచింది. తర్వాత, కళ్లు మూసుకో మే అంది. మూసుకున్నాను. కొంతసేపు ఏమీ లేదు.

"గిల్లుతాండా. తెలుస్తాండాదా?"

"ఏ కాలు?" అన్నాను.

కళ్లు తెరిచి చూస్తే ఆమె రెండు చేతులూ నా రెండు పాదాల మీదా ఉన్నాయి. అప్పుడు నేను అన్నీ చెప్పాను. వాంతులు, మానేసిన మాత్రలు, తిప్పిన కొళాయి. ఆమె తిట్టలేదు. లోపలికి పోయి మా ఆయనకు ఫోన్ చేసి, "అప్పా, బండి తీసుకొని రా. పాప కాళ్లు చచ్చిపోతాండాయి" అంది. ఆ మాట లోపలి నుంచి విన్నప్పుడు కలిగిన భయం అక్క ఇంటి మెట్ల కింద నిలబడినప్పుడు కూడా కలగలేదు.

పొద్దు పొడవకముందే బయల్దేరాం. హొసపేట దాటేసరికి తెల్లారింది. ఎదురుగా వచ్చే లారీ ఒకటి రెండుగా కనిపించింది. కళ్లు నలుపుకుని చూశాను. రెండే. మా ఆయన తల పక్కన ఇంకో తల. ఒక కన్ను మూసుకుంటే ఒకటిగా అవుతోంది. చెబితే బండి నడుపుతున్న ఆయన కంగారుపడతాడని చెప్పకుండా, ఒక కన్ను మూసుకునే కూర్చున్నాను. వెనక సీటులో అమ్మ నా పాదాలను ఒళ్లో పెట్టుకుని బెంగళూరు దాకా రుద్దుతూనే ఉంది. ఆమె చేతులు కదలడం కనిపిస్తోంది, తగలడం తెలియడం లేదు.

ఆస్పత్రిలో డాక్టరు నన్ను గీత మీద నడవమన్నాడు, నడవలేకపోయాను. తన వేలిని చూడమన్నాడు, కళ్లు దాని వెంట సరిగా పోలేదు. వాంతులు ఎన్నాళ్లుగా అని అడిగి, జవాబు విన్నాక కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తిన్నది నిలవకపోతే ఒంట్లో ఒక విటమిన్ నిల్వ త్వరగా అయిపోతుందట, అది లేకపోతే నరాలు, మెదడు దెబ్బతింటాయట. గ్లూకోజు ఎక్కించే ముందే ఆ విటమిన్ ఇంజెక్షన్ పడాలని నర్సుకు గట్టిగా చెప్పాడు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే అని మొదలుపెట్టి, అమ్మ ముఖం చూసి ఆపేశాడు. ఆయన ఏమన్నాడని అమ్మ నన్నడిగింది. సమయానికే వచ్చినామంట అన్నాను.

కడుపు గొట్టం ఒకచోట ముడుచుకుని సన్నబడిందని తర్వాత తేలింది. మళ్లీ కోయలేదు. నోట్లోంచి గొట్టం పంపి, చిన్న బుడగతో ఆ చోటును వెడల్పు చేశారు. ఇన్నాళ్లూ నేను భయపడి దాచుకున్నదానికి మందు అంతే. చూపు రెండు మూడు రోజుల్లో సర్దుకుంది. మా ఆయన మళ్లీ ఒక్కడుగా కనిపించిన పొద్దున ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏమైందో ఆయనకు తెలియదు. కాళ్లు మాత్రం నెలల తరబడి సతాయించాయి. మొదట గోడ పట్టుకుని, తర్వాత అమ్మ భుజం పట్టుకుని, ఆ తర్వాత ఏటి కాలువ గట్టు మీద ఆమె పక్కన నడిచాను. స్పర్శ తిరిగి వచ్చేటప్పుడు చీమలు కుట్టినట్టు మంట. అమ్మ దాన్ని చూసి సంతోషపడేది. కుడి పాదం వేళ్లు ఇప్పటికీ పూర్తిగా నావి కాలేదు. స్నానం చేశాక గాయాలేమన్నా ఉన్నాయేమోనని ఇప్పటికీ కళ్లతో చూసుకుంటాను.

వాంతులు ఆగాయి, తిండి నిలుస్తోంది. అయినా నేను తినడం గంట ప్రకారమే. ఆకలి లేదు. అన్నం వాసన వస్తే అన్నం వాసన వచ్చిందని తెలిసేది, అంతే. ఆకలి లేకపోవడమే నా కాపలా అనుకునేదాన్ని. అది ఉన్నంతకాలం పాతరోజులు తిరిగి రావు.

ఆ వానాకాలం నాట్లప్పుడు ఒకరోజు మా ఆయనతో పొలానికి పోయాను. నాట్లేసే ఆడవాళ్లు మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని మూటలు విప్పారు. జొన్నరొట్టెలు, ఎండుమిరప కారం, వంకాయ కూర. ఊట ఆయ్తా అక్కా అని ఒకామె పలకరించింది. ఆయ్తు అని చెప్పబోతుండగా నా పొట్టలో ఏదో పట్టి లాగింది. గట్టు మీదే కూర్చుండిపోయాను. పిన్ను ఊడిందనుకున్నాను. మళ్లీ బెంగళూరు, మళ్లీ ఇంజెక్షన్లు అనుకున్నాను. నొప్పి కోసం ఎదురుచూశాను. అది నొప్పిగా మారలేదు. లాగుతోంది, వదులుతోంది, మళ్లీ లాగుతోంది. నోట్లో నీళ్లు ఊరాయి. అదేమిటో అప్పుడు గుర్తుపట్టాను.

ఇంటికి వచ్చేదాకా మా ఆయనకు చెప్పలేదు. బండి మీద ఆయన వెనక కూర్చుని, ఇది వచ్చిందంటే ఇక అన్నీ వస్తాయని అనుకుంటూ వచ్చాను. ఆ ఒళ్లు, ఆ మోకాళ్లు, ఆ మెట్ల మలుపు. అమ్మ అంగడిలో ఫ్యాను కింద కూర్చుని ఉంది. ఆమె పక్కన కూర్చుని, ఆకలేస్తోందమ్మా అన్నాను. దొంగతనం చేసి వచ్చి చెప్పుకున్నట్టుంది నా గొంతు.

అమ్మ నా వైపు తిరిగింది. నిజంగా ఆకలేనా, నొప్పి కాదు గదా అని రెండుసార్లు అడిగింది. ఆకలే అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి వంటింట్లోకి పోతుంటే కొంగు పట్టుకుని ఆపాను.

"ముందర మాదిరి అయిపోతే ఏందమ్మా నా గతి?"

"అయితే అప్పుడు చూద్దాం" అంది. "ఆకలి లేని బిడ్డ ఎదురుగ్గా కూర్చోని కూర్చోని నేను సగమైపోయినా. ఈ పొద్దు నన్ను పొయ్యి ముట్టించనీ."

ఆస్పత్రిలో తిండి గురించి చెప్పే అమ్మాయికి ఫోన్ చేశాను. ఇన్ని నెలలకు ఆకలి రావడం మామూలేనట. గుడ్డో పప్పో ముందు తినమని, మెల్లగా తినమని, నిండినట్టు అనిపించగానే ఆపమని చెప్పింది. ఇవన్నీ నాకు తెలిసినవే.

అమ్మ మెత్తగా వండిన అన్నంలో పప్పు కలిపి, పక్కన గుడ్డు చిదిమి తెచ్చింది. ఎప్పటిలా ఎదురుగా కాకుండా నా పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. నేను చెంచాతో తిన్నాను. రుచి తెలిసింది. పప్పులో వెల్లుల్లి ఉందని, ఉప్పు ఒక పిసరు తక్కువైందని తెలిసింది. చెయ్యి తొందరపడుతోంది, దాన్ని ఆపి నమిలాను. సగం దాకా వచ్చాక చెంచా పక్కన పెట్టి చాలన్నాను. ఇంకొక్క చెంచా అని అమ్మ అనలేదు. పళ్లెం తన వైపు లాక్కుని, మిగిలింది తానే తినడం మొదలుపెట్టింది. నేను పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. కడుపు నిండి ఆపానో, భయపడి ఆపానో ఆ పూట నాకు తెలియలేదు.